పేరు రాని బ్రిటిష్ పంక్, న్యూ వేవ్ ఆల్బమ్‌లు: రట్స్, మ్యాగజీన్, వైర్, సౌండ్‌లలో ఏది ముందు?

మీరు అడిగింది ఇదీ: 1970ల చివరి బ్రిటిష్ బ్యాండ్‌లు సెక్స్ పిస్టల్స్, క్లాష్, జాయ్ డివిజన్ అన్నీ వినేశారు. అదే కాలంలో వచ్చి అంతగా పేరు రాని వాటిల్లో రట్స్, మ్యాగజీన్, వైర్, ది సౌండ్ అని నాలుగు పేర్లు మాటిమాటికీ ఎదురవుతున్నాయి. వీటిల్లో ఏది గొప్పది, దేనితో మొదలుపెట్టాలి?

సూటిగా చెప్పేస్తాను. ఒక్కటే వినే ఓపిక ఉంటే రట్స్ వాళ్ల 'ది క్రాక్' (1979) వినండి. రెండోదానికి చోటుంటే మ్యాగజీన్ వాళ్ల 'ది కరెక్ట్ యూజ్ ఆఫ్ సోప్' (1980). వైర్‌కి విమర్శకుల జాబితాల్లో ఎప్పుడూ చోటుంది కాబట్టి దాని గురించి పెద్దగా జాలిపడక్కర్లేదు. సౌండ్ సంగతి వేరు. వాళ్లకు జరిగినంత అన్యాయం ఈ నలుగురిలో ఇంకెవరికీ జరగలేదని నా అభిప్రాయం. కానీ అన్యాయం జరిగిందని ముందు వాళ్లనే వినమని చెప్పలేను.

అసలు ఈ ఆల్బమ్‌లన్నీ ఒకే చిక్కులోంచి పుట్టాయి. 1978 జనవరిలో పిస్టల్స్ విడిపోయేసరికి మూడు కార్డులు (గిటార్ మీద కలిపి మోగించే స్వరాల గుంపులు), రెండు నిమిషాలు, గొంతు చించుకోవడం అనే పంక్ పద్ధతి అప్పటికే అరిగిపోయింది. లండన్‌లో, మాంచెస్టర్‌లో ఏ హాలుకి వెళ్లినా అదే పాట, అదే జాకెట్. అక్కడి నుంచి రెండు దారులు. ఉన్నదాన్నే ఇంకా వేగంగా వాయించడం ఒకటి, విసుగొచ్చిందని ఒప్పుకుని వేరే ఏదైనా నేర్చుకోవడం ఇంకొకటి. న్యూ వేవ్, పోస్ట్ పంక్ అనేవి ఈ రెండో దారికి పడ్డ పేర్లు. నేను చెప్పబోయేవాళ్లంతా రెండో దారి పట్టినవాళ్లే. ఎంత తొందరగా విసుగొస్తే అంత మంచి రికార్డు వచ్చిందని ఇన్నేళ్లుగా వింటున్నాక నాకు గట్టిగా అనిపిస్తోంది.

రట్స్ నేర్చుకున్నది రెగ్గే, అంటే జమైకా సంగీతం. ఆ రోజుల్లో తెల్ల కుర్రాళ్లు రెగ్గే వాయించడం కొత్తేం కాదు, క్లాష్ మొదటి ఆల్బమ్‌లోనే ఉంది. కానీ చాలామందికి అది పైపూత. రట్స్‌కి అలా కాదు. వాళ్లది పశ్చిమ లండన్‌లోని హేయ్స్ ప్రాంతం. పక్కనే సౌతాల్, అంటే పంజాబీలు ఎక్కువగా ఉండే పేట. అక్కడ 'మిస్టీ ఇన్ రూట్స్' అనే రెగ్గే బృందం ఉండేది. వాళ్లతో కలిసి జాతివివక్షకు వ్యతిరేకంగా జరిగిన కచేరీల్లో రట్స్ వాయించారు. వీళ్ల మొదటి సింగిల్ 'ఇన్ ఎ రట్' విడుదల చేసింది కూడా మిస్టీ వాళ్ల లేబుల్ 'పీపుల్ యునైట్' వాళ్లే. ఇరుగుపొరుగున ఉండి, పక్కన కూర్చుని నేర్చుకున్న సంగీతం అది.

1979 ఏప్రిల్ 23న సౌతాల్ టౌన్ హాల్లో నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ ఎన్నికల సభ పెట్టింది. ఆసియా వాళ్లు ఎక్కువగా ఉండే పేట నడిబొడ్డున ఆ సభ ఏమిటని స్థానికులు వీధుల్లోకి వచ్చారు. పోలీసులు విరుచుకుపడ్డారు. బ్లెయిర్ పీచ్ అనే టీచరు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆ దెబ్బ కొట్టింది ఒక పోలీసు అధికారే అయ్యుండొచ్చని చెప్పిన అంతర్గత నివేదిక 2010 దాకా బయటికి రాలేదు. అదే రోజు మిస్టీ ఇన్ రూట్స్ మేనేజర్ క్లారెన్స్ బేకర్ తల పగిలి నెలల తరబడి కోమాలో ఉన్నాడు. పీపుల్ యునైట్ వాళ్లున్న ఇంట్లోకి పోలీసులు చొరబడి వాయిద్యాలు, సామాను ధ్వంసం చేశారు.

'ది క్రాక్'లోని 'జా వార్' పాట ఆ రోజు గురించే. బేకర్ పేరు పాటలోనే వినిపిస్తుంది. ఈ పాటని మీరు హెడ్‌ఫోన్స్‌లో రెండుసార్లు వినండి. మొదటిసారి గొంతుని పట్టించుకోకుండా డేవ్ రఫీ డ్రమ్స్ మీద, సెగ్స్ బేస్ గిటార్ మీద మాత్రమే దృష్టి పెట్టండి. రెగ్గేలో నాలుగు దెబ్బల లెక్కలో మొదటి దెబ్బని ఖాళీగా వదిలేసి, బరువంతా మూడోదాని మీద వేసే పద్ధతి ఒకటుంది. రాక్ వాయించి అలవాటైన చేతికి ఆ మొదటి దెబ్బ వదిలేయడం ప్రాణం మీదికొస్తుంది. ఎక్కడో ఒకచోట చెయ్యి జారి కొట్టేస్తారు. రఫీ కొట్టడు. తొందర లేదు, రొమ్ము విరుచుకోవడం లేదు. ఆ నెమ్మదిలోనే కోపమంతా ఉంది. రెండోసారి మాల్కమ్ ఓవెన్ గొంతు వినండి. మిగతా పాటల్లో అరిచే మనిషి ఇక్కడ జరిగింది జరిగినట్టు చెప్పుకుపోతాడు.

అదే ఆల్బమ్ మొదటి పాట 'బాబిలోన్స్ బర్నింగ్' దీనికి పూర్తిగా వ్యతిరేకం. సైరన్‌తో మొదలై, పాల్ ఫాక్స్ గిటార్ రిఫ్‌తో (పదేపదే తిరిగొచ్చే చిన్న వరసతో) ఊపిరాడనివ్వదు. సింగిల్‌గా బ్రిటన్ చార్టులో 7వ స్థానం దాకా వెళ్లింది. 'ఎస్.యు.ఎస్.' అనే పాట, అనుమానం వస్తే చాలు ఎవరినైనా పట్టుకుపోవచ్చని పోలీసులకు అధికారమిచ్చిన చట్టం గురించి. 1824 నాటి ఆ చట్టాన్ని నల్లజాతి కుర్రాళ్ల మీద ఎడాపెడా వాడారు. 1981లో ఆ భాగాన్ని రద్దు చేశారు. 'ఇట్ వాజ్ కోల్డ్' నిదానంగా సాగే పెద్ద పాట, చాలామంది దాటేస్తారు, మీరు దాటేయకండి.

లోపాలు లేవని కాదు. మధ్యలో రెండు మూడు పాటలు ఏ పంక్ బ్యాండైనా వాయించగలిగేవే. చివరి పాట 'హ్యూమన్ పంక్' కచేరీలో రికార్డు చేసింది, మిగతా ఆల్బమ్ శబ్దంతో కలవదు. అయినా ఇంత బిగువుగా వాయించిన పంక్ బ్యాండ్ ఇంకొకటి చూపించమంటే నేను తడుముకోవాల్సిందే.

మరి పేరెందుకు రాలేదు? వస్తున్న వేళకే అంతా అయిపోయింది. 1980 జూలైలో ఓవెన్ హెరాయిన్‌కి బలయ్యాడు. వయసు 26. 'ఇన్ ఎ రట్' సింగిల్ వెనకవైపున ఉన్న 'హెచ్-ఐస్' అనే పాట హెరాయిన్ జోలికి పోవద్దని చెప్పేదే, పాడింది ఆయనే. మిగిలిన ముగ్గురూ రట్స్ డి.సి. పేరుతో కొనసాగారు, మంచి రికార్డులే చేశారు, కానీ ఓవెన్‌తో రెండో ఆల్బమ్ అన్నది లేదు. క్లాష్‌కి 'లండన్ కాలింగ్' మూడో ఆల్బమ్ అన్న సంగతి గుర్తుపెట్టుకుని రట్స్‌ని తూచండి.

మ్యాగజీన్‌కి వద్దాం. దీని గురించి కాస్త వాదన ఉంది. హోవర్డ్ డెవోటో 1977 మొదట్లో బజ్‌కాక్స్‌తో 'స్పైరల్ స్క్రాచ్' అనే నాలుగు పాటల రికార్డు చేసి, అది బయటికొచ్చీ రాగానే బ్యాండ్ వదిలేశాడు. పంక్ అప్పుడప్పుడే జనం నోళ్లలో నానుతున్న సమయంలో దానికి కాలం చెల్లిందని అనుకున్న మనిషి. నేను పైన చెప్పిన విసుగు ఈయనకి అందరికంటే ముందొచ్చింది. తర్వాత కట్టిన బ్యాండ్‌లో గిటార్ జాన్ మెగియోక్, బేస్ బ్యారీ ఆడమ్సన్, కీబోర్డు డేవ్ ఫార్ములా. ఇంతమంది పనిమంతులు ఒక చోట చేరిన న్యూ వేవ్ బ్యాండ్ అరుదు. మెగియోక్ ఆ తర్వాత సూక్సీ అండ్ ది బాన్షీస్‌కి, అటుపైన పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్‌కి వెళ్లాడు. ఆడమ్సన్ నిక్ కేవ్ బ్యాండ్‌లో చేరాడు.

మొదటి ఆల్బమ్ 'రియల్ లైఫ్' (1978) అందరూ మెచ్చుకుంటారు, 'షాట్ బై బోత్ సైడ్స్' అందులోదే కాబట్టి. ఆ పాటకి టాప్ ఆఫ్ ది పాప్స్ అనే టీవీ హిట్ పాటల కార్యక్రమంలో అవకాశం వస్తే డెవోటో దాదాపు కదలకుండా నిలబడి పాడి వచ్చాడు. సింగిల్ చార్టులో 41 దాటి పైకి పోలేదు. పేరు రాకపోవడంలో ఆయన వంతు కృషి కూడా ఉందని అర్థమైందనుకుంటాను.

రెండోది 'సెకండ్‌హ్యాండ్ డేలైట్' (1979). దీని మీదే గొడవంతా. ప్రొడ్యూసర్ కాలిన్ థర్స్టన్. డేవిడ్ బోవీ 'హీరోస్' ఆల్బమ్‌కి ఇంజనీరుగా పనిచేసినవాడు. మొదటి పాట 'ఫీడ్ ది ఎనిమీ'లో కీబోర్డు పొగమంచులా కమ్ముకుంటూ వస్తుంది, గొంతు చాలాసేపటి దాకా వినపడదు. 1979లో పంక్ పత్రికలు చదివేవాళ్లకి ఇది తిరిగి పింక్ ఫ్లాయిడ్ కాలానికి పోయినట్టు అనిపించింది. ఏ ముసలి సంగీతాన్ని తరిమేశామని చంకలు గుద్దుకున్నారో అదే వెనక గుమ్మం నుంచి వచ్చేసిందని మండిపడ్డారు. ఇప్పుడు ఆ పంతాలేవీ లేవు కదా, తీరిగ్గా వినండి. చలిగా, దూరంగా ఉంటుంది. ఆ చలి కావాలనే పెట్టింది. ఆఖరి పాట పేరే 'పెర్మాఫ్రాస్ట్'.

అయితే నా ఓటు మూడోదానికే. 'కరెక్ట్ యూజ్ ఆఫ్ సోప్'కి ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్, జాయ్ డివిజన్‌ని గుహలో వాయించినట్టు వినిపించిన మనిషి. మీరు జాయ్ డివిజన్ విన్నారు కాబట్టి ఈ పోలిక మీకు బాగా పనికొస్తుంది. ఇక్కడ ఆయన అదంతా పక్కనపెట్టి, వాయిద్యాలన్నీ మన పక్క గదిలో మోగుతున్నట్టు పొడిగా, దగ్గరగా పట్టుకున్నాడు. దాంతో ఆడమ్సన్ బేస్ ముందుకొచ్చింది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ వెంట చెవి పెట్టి తిరిగే అలవాటు మీకుంటే ఈ ఆల్బమ్ మీదే అనుకోండి. 'ఫిలడెల్ఫియా'లో, 'బికాజ్ యూ ఆర్ ఫ్రైటెన్డ్'లో పాట నడిపేది బేసే, గిటార్ అప్పుడప్పుడు వచ్చి గిల్లి పోతుంది. మెగియోక్ ఎంత తక్కువ వాయిస్తాడో గమనించండి. అంత చెయ్యి ఉన్నవాడు అంత తక్కువ వాయించడం చూసి గిటార్ నేర్చుకునేవాళ్లు చాలా నేర్చుకోవచ్చు. అమెరికన్ ఫంక్ బ్యాండ్ స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ పాటొకటి తీసుకుని ఎముకలు మాత్రమే మిగిల్చి పాడారు. 'ఎ సాంగ్ ఫ్రమ్ అండర్ ది ఫ్లోర్‌బోర్డ్స్' దోస్తోయెవ్‌స్కీ రాసిన అజ్ఞాతవాసి కథకుడి మాటల్లోంచి పుట్టింది. తనని తాను పురుగుగా చెప్పుకునే ఆ మనిషిని డెవోటో పాడుతుంటే జాలి వేయదు, భయం వేయదు, నవ్వొస్తుంది. ఆ నవ్వే మ్యాగజీన్ ప్రత్యేకత. జాయ్ డివిజన్‌లో అది వెతికినా దొరకదు.

కాబట్టి నా లెక్క: ఎక్కువ అన్యాయం జరిగింది 'సెకండ్‌హ్యాండ్ డేలైట్'కి, ఎక్కువ సుఖం ఇచ్చేది 'సోప్'.

వైర్ గురించి తొందరగా చెప్పేస్తాను. 'పింక్ ఫ్లాగ్' (1977) అంటే అందరికీ తెలుసు, దాదాపు 35 నిమిషాల్లో 21 పాటలు. ఎలాస్టికా బ్యాండ్ తొంభైల్లో అందులో ఒక రిఫ్ వాడుకుని కోర్టు బయట రాజీ చేసుకోవాల్సొచ్చింది కూడా. మీరు వినాల్సింది దాని తర్వాతది, 'చెయిర్స్ మిస్సింగ్' (1978). ఏడాది తిరిగేలోపు ఇంత మారిన బ్యాండ్‌ని నేను చూడలేదు. నిమిషంలో ముగిసే పాట ఉంది, ఆరు నిమిషాలకు దగ్గరపడే 'మెర్సీ' ఉంది. ప్రొడ్యూసర్ మైక్ థార్న్ కీబోర్డులు తెచ్చి కలిపాడు. అందరికీ నచ్చే పాట 'అవుట్‌డోర్ మైనర్'. వినడానికి తీయటి ప్రేమపాటలా ఉంటుంది. తీరా చూస్తే ఆకు తొలిచే పురుగు గురించి! టమాటా, చిక్కుడు ఆకుల మీద తెల్లగా వంకరటింకర గీతలు పెడుతుందే, ఆ జాతి పురుగు. ఇంటి పెరట్లో కూరగాయలు పెంచేవాళ్లెవరైనా పట్టేస్తారు. పాట నిడివి రెండు నిమిషాలు కూడా లేదని సింగిల్ కోసం మధ్యలో పియానో కలిపి సాగదీశారు. అది చార్టులోకి ఎక్కుతుండగా అమ్మకాల లెక్కల్లో ఏదో తేడా ఉందన్న అనుమానం వచ్చి, టాప్ ఆఫ్ ది పాప్స్ అవకాశం చేజారింది. 51 దగ్గర ఆగిపోయింది. ఆల్బమ్‌లోని పొట్టి రూపమే నాకిష్టం.

మూడో ఆల్బమ్ '154' (1979)ని కొందరు ఇంకా గొప్పదంటారు. అప్పటిదాకా వాళ్లు చేసిన కచేరీల సంఖ్యే ఆ పేరు. మంచి పాటలున్నాయి, 'ది ఫిఫ్టీన్త్' లాంటిది ఎవరైనా రాస్తే జన్మ ధన్యం. కానీ రెండు మూడు చోట్ల మన ఓపికని పరీక్షిస్తుంది.

ఇక ది సౌండ్. 1981లో కొరోవా అనే లేబుల్ మీద హ్యూ జోన్స్ పనిచేసిన ఆల్బమ్‌లు రెండు వచ్చాయి. ఒకటి ఎకో అండ్ ది బనీమెన్ వాళ్ల 'హెవెన్ అప్ హియర్', బ్రిటన్‌లో టాప్ 10లోకి వెళ్లింది. రెండోది సౌండ్ వాళ్ల 'ఫ్రమ్ ది లయన్స్ మౌత్', అమ్మకాల్లో దానికి చెప్పుకోదగ్గ చోటేదీ దక్కలేదు. అదే లేబుల్, అదే ఏడాది, అదే ప్రొడ్యూసర్. రెండూ వరసగా వినండి. బనీమెన్‌కి మెరుపు ఎక్కువ, గాయకుడు ఇయాన్ మెక్‌కలక్‌కి జుట్టూ ఉంది, నోరూ ఉంది, ఫొటోలకి పనికొచ్చే ముఖమూ ఉంది. సౌండ్ గాయకుడు ఏడ్రియన్ బోర్లాండ్ మామూలుగా కనిపించే, బొద్దుగా ఉండే మనిషి. పాటల బలంలో మాత్రం సౌండ్ ఒక్క వీసం తగ్గదు. మొదటి పాట 'విన్నింగ్'లో కీబోర్డు నిలకడగా పట్టిన స్వరం మీద బోర్లాండ్ మునిగిపోబోతున్నవాడు ఈత మొదలుపెట్టిన సంగతి చెబుతాడు. ఇంత నిరాడంబరంగా ఆశ గురించి పాడిన పోస్ట్ పంక్ పాట నాకింకొకటి తెలీదు. అందుకే వీళ్లని జాయ్ డివిజన్‌తో కట్టేయడం నాకు మింగుడుపడదు. బేస్, డ్రమ్స్ వినిపించే తీరులో పోలిక ఉన్నమాట నిజం. మనసు మాత్రం పూర్తిగా వేరు. జాయ్ డివిజన్ తలుపు మూసుకుని పాడుతుంది, బోర్లాండ్ తలుపు తెరవమని బాదుతుంటాడు.

వీళ్ల మొదటి ఆల్బమ్ 'జెపర్డీ' (1980) తక్కువ డబ్బుతో చేసింది, కాస్త గరుకుగా ఉంటుంది. దానికే ఓటేసే స్నేహితులు నాకున్నారు, వాళ్లతో పెద్దగా గొడవపడను. మూడోసారి జనానికి ఎక్కేలాంటిది చెయ్యమని కంపెనీ అడిగితే వీళ్లు 'ఆల్ ఫాల్ డౌన్' (1982) అనే ఇంకా మొండి రికార్డు ఇచ్చారు. అంతే, ఆ బంధం తెగిపోయింది. హాలండ్‌లో మాత్రం వీళ్లని నెత్తిన పెట్టుకున్నారు. బోర్లాండ్ చాలా ఏళ్లు మానసిక అనారోగ్యంతో పోరాడి 1999లో 41 ఏళ్లకే ప్రాణం తీసుకున్నాడు. ఆ విషయం తెలిశాక పాటలన్నింటిలోనూ దాన్నే వెతకడం మొదలుపెడతారు జనం. అలా వినకండి. 1981లో ఆయనకి 23 ఏళ్లు, పాటల్లో ఉన్నది బతకాలన్న పట్టుదల.

మీరు అడగకపోయినా ఒక పేరు కలుపుతున్నాను. షెఫీల్డ్ బ్యాండ్ కామ్‌శాట్ ఏంజిల్స్, ఆల్బమ్ 'స్లీప్ నో మోర్' (1981). సౌండ్ నచ్చితే ఇది తప్పక నచ్చుతుంది. డ్రమ్స్ అంత పెద్దగా, అంత ఒంటరిగా మోగడం అరుదు. బేస్ వాయించేవాడి పేరు కెవిన్ బేకన్. హాలీవుడ్ నటుడు కాదు, నెట్‌లో వెతికేటప్పుడు తికమకపడతారని చెబుతున్నాను.

పంక్ వేగమే కావాలనుకుంటే ఆడ్వర్ట్స్ వాళ్ల 'క్రాసింగ్ ది రెడ్ సీ విత్ ది ఆడ్వర్ట్స్' (1978) వినండి. వాయించడం అంతంతమాత్రం, టీవీ స్మిత్ రాసిన మాటలు మాత్రం ఆ తరం మొత్తంలో మేలైన వాటిల్లోవి. తమకు ఒకే ఒక్క కార్డు వచ్చని తమ మీదే పాట కట్టుకున్నారు. పెనెట్రేషన్ వాళ్ల 'మూవింగ్ టార్గెట్స్' (1978)లో పౌలీన్ మర్రీ గొంతు కోసమే వినొచ్చు. ఉత్తర ఇంగ్లండ్ బొగ్గు గనుల ప్రాంతం నుంచి వచ్చిన అమ్మాయి, కేకలు వేయకుండా ఎత్తులో పాడగలదు.

వద్దని చెప్పేది కూడా ఒకటుంది. ఎక్స్‌టీసీ రెండో ఆల్బమ్ 'గో 2' (1978)ని దాచిన నిధిలా చెప్పేవాళ్లు తగులుతారు. అట్ట మాత్రం అద్భుతం. బొమ్మేమీ లేకుండా, ఈ అట్ట మీకు రికార్డు అమ్మడానికి వేసిన ఎత్తుగడ అని టైపు అక్షరాల్లో వివరించుకుంటూ పోతుంది. లోపలి సరుకు అంత లేదు. ఆ బ్యాండ్ కావాలంటే నేరుగా 'బ్లాక్ సీ' (1980)కి వెళ్లండి.

వినేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోన్ స్పీకర్లో ఈ ఆల్బమ్‌లన్నీ ఒకేలా, సన్నగా వినిపిస్తాయి. వీటి అసలు పనంతా బేస్‌లో ఉంది. ఇప్పుడొచ్చే ప్రతుల్లో ఆల్బమ్ చివర సింగిల్స్, రేడియో రికార్డింగులు అతికిస్తున్నారు. మొదటిసారి అసలు ఆఖరి పాట దగ్గర ఆపేయండి. సౌండ్‌కి అది 'న్యూ డార్క్ ఏజ్', రట్స్‌కి 'హ్యూమన్ పంక్'. ఆడ్వర్ట్స్ వాళ్ల హిట్ 'గ్యారీ గిల్మోర్స్ ఐస్' అసలు ఎల్పీలో లేదు, తర్వాత చేర్చారు. ఇక పాత రికార్డులు కొనే సరదా ఉంటే, 'మూవింగ్ టార్గెట్స్' మొదటి ప్రతుల్లో చీకట్లో మెరిసే వినైల్ ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది, వింటే చిటపటలు. దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి, మామూలు నల్ల రికార్డు దొరికితే చాలు.